పాట్‌లక్‌లో విన్న మాట

మొన్న డాలస్‌లో తెలుగువాళ్ల పాట్‌లక్, అంటే తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే విందు. ఇల్లు కొనాలని చూస్తున్న ఒక కుర్రాడికి అక్కడున్న పెద్దాయన సలహా: "ఆ ఏరియా వద్దు బాబూ, నల్లవాళ్లు ఎక్కువ. మనలా కష్టపడితే వాళ్లూ పైకొచ్చేవాళ్లు." అందరూ తలలూపారు. (గోంగూర మటన్ మాత్రం అదిరింది.)

మనం కష్టపడ్డాం, కాదనను. కానీ రానిచ్చిందెవరు? 1923లో భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ల కిందికి రారు కాబట్టి పౌరసత్వం కుదరదంది. 1946లో చట్టం మారినా మనకిచ్చిన వలస కోటా ఏడాదికి 100 మంది. ఆ పాత కోటాలను ఎత్తేసిన 1965 చట్టం, నల్లజాతీయులు లాఠీదెబ్బలు తిని, జైళ్లకెళ్లి నడిపిన పౌరహక్కుల పోరాటం వేడిలో వచ్చింది. ఆ తర్వాత కూడా మనలో ఎక్కువమందిని డిగ్రీలు చూసి ఏరుకున్నారు. జల్లెడ పట్టిన బియ్యాన్ని చూపించి పక్కవాడి బస్తాలో రాళ్లున్నాయనడం ఏం న్యాయం?

ఇదే అంటే, "నీకెందుకమ్మా ఈ రాజకీయాలు" అని నవ్వేశారు.

2017లో కాన్సస్‌లోని ఓలేతలో మన శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపిన తెల్లవాడు ఆయన్ని ఇరాన్‌వాడనుకున్నాడు. డిగ్రీ, జీతం ఏదీ అడగలేదు, రంగు చూశాడంతే. ఆ రోజు అడ్డుపడబోయి తూటా తిన్న ఇయాన్ గ్రిల్లాట్ కూడా తెల్లవాడే. అది చెప్పకపోతే నేనూ అందర్నీ ఒకే గాటన కట్టినట్టే.