గ్యారీ కోల్‌మన్ తర్వాత ఏమయ్యాడంటే

బుగ్గలు ఉబ్బించి ఒక్క చూపు చూస్తాడు, అంతే, స్టూడియో మొత్తం ఘొల్లుమంటుంది. ‘డిఫరెంట్ స్ట్రోక్స్’ అనే అమెరికన్ టీవీ కామెడీ సీరియల్ పాత క్లిప్ ఇందాక ఫోన్‌లో కనిపిస్తే నేనూ పగలబడి నవ్వాను. ఈ పిల్లాడు గ్యారీ కోల్‌మన్ తర్వాత ఏమయ్యాడా అని వెతికాను. నవ్వు ఆగిపోయింది.

చిన్నప్పటి నుంచీ కిడ్నీ జబ్బు. రెండుసార్లు కిడ్నీ మార్చారు. ఆ జబ్బు, ఆ మందుల వల్లే ఎదుగుదల ఆగిపోయింది. అంటే జనం ముచ్చటపడి చూసిన ఆ బుజ్జి రూపం జబ్బు తెచ్చిపెట్టిందే! ఇది మాత్రం మింగుడు పడటం లేదు.

డబ్బు గొడవ మామూలే అనుకోండి. 1989లో సొంత తల్లిదండ్రుల మీదే కేసు వేశాడు. 1993లో గెలిస్తే దాదాపు 12.8 లక్షల డాలర్లు వచ్చాయి. అయినా తర్వాత సెక్యూరిటీ గార్డుగా పనిచేశాడు. 2010లో పోయాడు, 42 ఏళ్లకే.

బాలనటుల సంపాదన కాపాడటానికి కాలిఫోర్నియాలో 1939 నుంచే చట్టం ఉందట. ఏం లాభం? దాన్ని గట్టిగా సవరించి, 15 శాతం తప్పనిసరిగా పిల్లల పేరునే దాచాలన్నది 2000 నుంచి. గ్యారీ దివాలా పిటిషన్ వేసింది అంతకుముందు ఏడాదే.