నవంబరు వరుసలో

నాన్న రైల్వేలో పనిచేసేవారు. ఆయన పోయాక అమ్మకు వస్తున్న కుటుంబ పింఛను ఆగిపోకూడదంటే, తాను బతికే ఉన్నానని ఏటా నవంబరులో ధ్రువీకరణ ఇవ్వాలి. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ ధ్రువీకరణ పద్ధతి వచ్చాక వేలిముద్ర వేస్తే సరిపోతుందన్నారు గానీ, ఏళ్ళ తరబడి అంట్లు తోమి, చింతపండు పిసికి గీతలు అరిగిపోయిన వేళ్ళను ఆ యంత్రం గుర్తుపట్టదు.

పోయిన నవంబరులో బ్యాంకులో బొటనవేలు, చూపుడువేలు, ఉంగరపు వేలు అన్నీ అయ్యాయి. "సరిగ్గా పెట్టండమ్మా, ఎంతసేపు?" అని కౌంటరులోని అమ్మాయి విసుక్కుంది. తప్పంతా తనదే అన్నట్టు అమ్మ వేలిని కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది. అంతలో మా వెనక ఉన్న పెద్దాయన "వీళ్ళు తెమిలేదెప్పుడు, మన పని అయ్యేదెప్పుడు" అని పైకే గొణిగారు. నేను ఆయన మీదికి గొడవకు వెళ్ళబోయాను.

ఆయన నా వంక చూడనేలేదు, అమ్మ వేళ్ళనే చూస్తున్నారు. "మా ఆవిడకూ ఇంతేనండీ, ముద్రలు పడవు" అంటూ జేబులోంచి ఫోను తీశారు. 2021 నుంచి ముఖం చూపించి కూడా ఈ పని చేయవచ్చని, అదీ వేరొకరి ఫోనులోనైనా కుదురుతుందని నాకు తెలియదు. ఈ సంగతి ప్రతి బ్యాంకు గోడ మీదా పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి. ఆయన వరుస వదిలి వచ్చి, అమ్మను కిటికీ వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, ఆధార్ సంఖ్య, పింఛను ఉత్తర్వు మీది పీపీఓ నంబరు నాచేత చదివించుకుని ఎక్కించి, "అక్కయ్యగారూ, ఒక్కసారి కళ్ళజోడు తీసి, ఇటే చూస్తూ రెప్ప ఆర్పండి" అన్నారు. అమ్మ కళ్ళు గట్టిగా మూసేసుకుంది. "అంతసేపు కాదండీ, ఇలా" అని ఆయనే రెప్ప ఆర్పి చూపించారు. మూడోసారికి అయింది. ధ్రువీకరణ తయారైనట్టు దాని సంఖ్య, ప్రమాణ్ ఐడీ, నా ఫోనుకు వచ్చింది.

అనబోయిన మాట అననందుకు ఆ రోజంతా దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను.

చెక్కు చేతిలో పట్టుకుని ఆయన వరుస చివరికి నడుస్తుంటే, ఇందాక విసుక్కున్న ఆ అమ్మాయే కౌంటరులోంచి లేచి నిలబడి, "బాబాయిగారూ, అక్కడికెందుకు, మీ వంతు ఇక్కడే ఉంది, రండి" అని పిలిచింది. వరుసలో ఉన్నవాళ్ళు పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చారు.