పెళ్లి రిజిస్టరూ మా ఇంటి హాలూ

బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఉండే తెలుగు పిల్లలు నేను పాస్టరుగా ఉన్న సంఘానికి రావడం మొదలయ్యాక నాకు పెళ్లిళ్ల పని పెరిగింది. మొన్న చేయించిన పెళ్లిలో అమ్మాయిది మార్కాపురం, అబ్బాయిది కర్నూలు, ఉద్యోగాలు ఇద్దరికీ బెంగళూరులోనే.

పాస్టరు పనంటే స్టేజీ మీద గంటసేపేనని చాలామంది అనుకుంటారు. మాది బిషప్పులుండే సంఘం కాదు. మాలాంటి పాస్టర్లు పెళ్లి చేయించాలంటే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద ప్రభుత్వమిచ్చే లైసెన్సు ఉండాలి. అది లేనివాళ్లతో ఉంగరాలు మార్పించుకుని, తర్వాత వీసా దగ్గర తిప్పలుపడ్డ జంటల్ని చూశాను. అందుకే కాగితాల విషయంలో నేను మొండివాణ్ణి.

ముందు నోటీసు. పేర్లు, వృత్తి, ఎక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారు, పెళ్లి ఎక్కడ, ఇవన్నీ రాసిస్తే మందిరంలో అందరికీ కనబడేచోట అంటించాను.

ఆ తర్వాత కౌన్సెలింగు. మందిరం అద్దె హాలు, ఆదివారం తప్ప తాళం మా చేతికి రాదు. కాబట్టి మా ఇంటి హాల్లోనే. లోపలి గదిలో మా అమ్మాయి ఎస్సెస్సెల్సీ, అంటే పదో తరగతి పుస్తకాలతో కుస్తీ. "నాన్నా, ఇది మందిరం కాదు, కాస్త మెల్లగా" అని తలుపు సందులోంచి అరిచేది.

డబ్బు సంగతి వచ్చేసరికి అబ్బాయి నోరు విప్పలేదు. నేను వాక్యం చెబుతూనే ఉన్నాను, అతను కార్పెట్టు చూస్తూనే ఉన్నాడు. మా ఆవిడ ఉప్మా ప్లేట్లు పెట్టి, లోపలికెళ్లి ఇంటిలెక్కల నోటుబుక్కు తెచ్చి అమ్మాయి ఒళ్లో పెట్టింది. "సంఘమిచ్చే కానుకల కవరు ఈయన విప్పరమ్మా, నేనే విప్పుతాను. చూడు." అద్దె, పాలు, గ్యాసు, సంఘంలో ఒకరి ఆసుపత్రి ఖర్చుకిచ్చింది, అన్నీ ఉన్నాయి. అమ్మాయి పేజీలు తిప్పి తిప్పి, "నీకెంత అప్పుంది?" అనడిగింది. చెప్పాడు. చెల్లెలి పెళ్లికి తీసుకున్న లోనట.

తన ఇంటిని ఏలలేనివాడు సంఘాన్ని ఎలా చూసుకుంటాడని బైబిల్లో పౌలు తిమోతికి రాశాడు. మా ఇంట్లో ఏలుబడి ఎవరిదో ఆ నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది!

అబ్బాయి నాన్నగారు పెళ్లి రాత్రి ఏడున్నరకి, లైట్ల మధ్య కావాలన్నారు. చట్టం ప్రకారం మేము ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే చేయించాలి. "రిసెప్షను ఎంత రాత్రయినా చేసుకోండి, ప్రమాణాలు మాత్రం ఏడులోపే" అన్నాను. "మా ఊళ్లో ఇవన్నీ ఎవరూ అడగరు అయ్యగారూ" అని గొణిగారు గానీ, నాలుగు గంటలకి ఒప్పుకున్నారు.

అమ్మాయి తరఫువాళ్లు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో దిగారు. ఉంగరాలు మార్చుకున్నారు, సిలువ గుర్తున్న తాళీ కట్టాడు. రిజిస్టరులో జంట, ఇద్దరు సాక్షులు, నేను సంతకాలు చేశాం. ఇంటిపేరు ముందా వెనకా అన్నది తెలుగువాళ్లకి ఎప్పుడూ ఉండే గొడవే. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాశాను.

రిజిస్టరులోంచి చించిన సర్టిఫికెట్టు నెలలోపు మ్యారేజ్ రిజిస్ట్రారుకి చేరాలి. సోమవారమే పంపించి, అటునుంచటే మా అమ్మాయి ప్రిపరేటరీ పరీక్ష మార్కులకోసం స్కూలుకెళ్లాను. హాల్లో కౌన్సెలింగు లేకపోతే లెక్కల్లో ఇంకో పది వచ్చేవట.