‘లేవు కదా?’: క్లినికల్ సైకాలజీ చదువులో నా అనుభవం

సైకాలజీలో చేరితే మనుషుల మనసు చదవడం నేర్పుతారనుకున్నాను. మొదటి సెమిస్టరంతా స్టాటిస్టిక్స్ నేర్పారు. లెక్కలు తప్పించుకుందామనే ఇటు వచ్చినదాన్ని. దాని గురించి ఇంతకంటే చెప్పను, పాసయ్యాను.

అబ్‌నార్మల్ సైకాలజీ మొదలయ్యాక ఇంకో తిప్పలు. మానసిక రుగ్మతలన్నిటి లక్షణాలూ రాసి ఉండే పుస్తకం డీఎస్ఎం-5లో ఏ పేజీ తిప్పినా నా గురించే రాసినట్టుండేది. సోమవారం ఓసీడీ, గురువారానికి బైపోలార్. డిప్రెషన్ అనాలంటే 9 లక్షణాల్లో కనీసం 5, రెండు వారాలపాటు దాదాపు రోజూ ఉండాలనీ, వాటివల్ల మనిషి బాగా బాధపడటమో, పనీపాటా దెబ్బతినడమో జరగాలనీ అక్కడే రాసి ఉంది. నేనేమో ఆ వాక్యాలు దాటేసి లక్షణాలు మాత్రమే చదువుకునేదాన్ని.

అసలు చదువు ఇంటర్న్‌షిప్‌లో మొదలైంది. పేషెంటు ఏకాగ్రత చూడ్డానికి వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ పొమ్మని అడిగే పరీక్ష ఒకటుంది. 93, 86, 79... నేనే తడబడతానని జవాబులు నోట్‌బుక్ మూల రాసిపెట్టుకునేదాన్ని.

తర్వాత పీహెచ్‌క్యూ-9, అంటే డిప్రెషన్ ఎంత ఉందో చూసే ప్రశ్నల కాగితం. 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా స్కోరు. నిద్ర, ఆకలి, నీరసం అంటూ ఎనిమిదీ గబగబా అడిగేయొచ్చు. తొమ్మిదోది చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో వచ్చే ఆలోచనల గురించి.

నా ఎదురుగా ఓ పెద్దాయన కూర్చున్నారు (వివరాలు మార్చాను). కాగితం మీంచి తలెత్తకుండా, “అలాంటి ఆలోచనలేమీ లేవు కదండీ?” అన్నాను.

“లేవమ్మా.”

సున్నా వేశాను. పక్కనే ఉన్న సూపర్‌వైజర్ మేడమ్ కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు. “ఇంత దిగులులో చాలామందికి బతకాలనిపించదు. ఈ రెండు వారాల్లో చచ్చిపోతే బాగుండునని మీకెప్పుడైనా అనిపించిందా?” అని అడిగి ఊరుకున్నారు.

ఆయన చేతి గడియారం పట్టీ తిప్పుతూ ఉండిపోయారు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనేదో అనబోతే, బల్ల కింద మేడమ్ నా కాలు తొక్కారు.

“రెండు మూడు రోజులు అనిపించిందండీ. ఇంట్లో చెప్పలేదు.”

ఆ తర్వాత అరగంట మేడమే మాట్లాడారు. ఎలా చేసుకోవాలని ఆలోచించారా, అలా అనిపించినప్పుడు ఎవరికి ఫోన్ చేయగలరు, ఇంట్లో ఎవరికి చెబుదాం అని ఒక్కొక్కటే అడిగారు. ఆయన ఒప్పుకున్నాక కొడుకుని పిలిపించి, అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించారు.

వాళ్లు వెళ్లాక, “నువ్వు ‘లేవు కదా’ అంటే పాపం ఆయన ‘లేవు’ అనక ఇంకేమంటారు? నీ భయం చూసి నీకే ధైర్యం చెప్పారు” అన్నారు మేడమ్.

నిజమే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయం. అలా పుట్టదని క్లాసులో విని, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. నోటిదాకా వచ్చేసరికి అది ‘లేవు కదా’ అయి కూర్చుంది.

ఆ సాయంత్రం నా రూమ్‌మేట్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, “అనిపించిందా?” అని ఎన్నిసార్లు అడిగానో. మొదట నవ్వొచ్చింది, తర్వాత గొంతు వణికింది. అంతకుముందే మేడమ్ చెప్పినట్టు ఆయన కాగితంలో సున్నా కొట్టేసి, 1 వేసి, పక్కన సంతకం పెట్టాను.