పాత రేడియోతో గోడలోని కేబుల్ జాడ

కింది అంతస్తు పెట్టెలో మొదలై గోడలోకి మాయమైన ఒక పాత నెట్‌వర్క్ కేబుల్ పైన ఎక్కడ తేలుతుందో కనిపెట్టవలసి వచ్చింది. అందుకోసం అమ్మే టోన్ జనరేటరు (కేబుల్‌లోకి కూత సంకేతం పంపే పరికరం) నా దగ్గర లేదు గానీ, క్రమమైన విద్యుత్ స్పందనలు పుట్టించే 555 టైమర్ ఐసీ అనే చిప్, 9 వోల్టుల బ్యాటరీ, మీడియం వేవ్ పట్టే జేబు రేడియో ఉన్నాయి. ఈ పనికి అవి చాలు. అయితే ఇది రెండు చివర్లా పరికరాల నుంచి ఊడదీసిన, కరెంటు లేదని మీటరుతో తేల్చుకున్న కేబుళ్ల మీద మాత్రమే చేయవలసిన పని; కరెంటు వైరింగు జోలికి దీనితో వెళ్లకూడదు.

1 కిలోఓమ్, 68 కిలోఓమ్ రెసిస్టర్లు, 10 నానోఫారడ్ కెపాసిటర్ పెడితే 555 నుంచి సుమారు 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగం వస్తుంది. దాని అంచులు నిటారుగా ఉంటాయి గనుక హార్మోనిక్స్ (ఆ పౌనఃపున్యానికి గుణిజాలైన తరంగాలు) మీడియం వేవ్ దాకా పాకుతాయి. ఈ సంకేతాన్ని కేబుల్‌లోకి పంపి, స్టేషన్ లేని చోట ముల్లు నిలిపితే కేబుల్ దగ్గర రేడియో కీచుమంటుంది. మరో 555తో ఆ కూతను ఆగి ఆగి మోగేలా చేస్తే, ఎల్‌ఈడీ దీపాలూ చార్జర్లూ ఎడతెగకుండా చేసే రొదలోంచి దాన్ని చెవి తేలిగ్గా వేరు చేస్తుంది.

అసలు కిటుకంతా 555 నుంచి వచ్చే రెండు తీగల్లో రెండోదాన్ని ఎక్కడ కలుపుతామన్న దానిలోనే ఉంది. నెట్‌వర్క్ కేబుల్‌లో తీగలు రెండేసి చొప్పున మెలితిప్పి ఉంటాయి; అలాంటి ఒక జతలోని రెండు తీగల మధ్య సంకేతం పెడితే, ఒకదానిలో వెళ్లిన విద్యుత్తు రెండోదానిలో వెనక్కి వస్తుంది, వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, రేడియో మౌనం వహిస్తుంది. అందుకే ఒక కొసను జతలోని తీగకూ, మరో కొసను ఎర్త్‌కూ కలపాలి. ఇనుప పైపులో వేసిన కేబుల్ అయితే ఇంత చేసినా పెద్దగా వినిపించదు.

వెతికేటప్పుడు కూత ఎక్కడ పెద్దగా ఉందని కాక, ఎక్కడ ఆగిపోతోందని చూడడమే నాకు నమ్మకమైన పద్ధతిగా తోస్తుంది. రేడియోలో యాంటెన్నాగా పనిచేసే ఫెరైట్ కడ్డీ కేబుల్‌కు అడ్డంగా ఉన్నప్పుడు కూత పెద్దది. కానీ గోడ మీద ఆ పెద్ద కూత జానెడు మేర ఒకేలా ఉంటుంది. కడ్డీ కొనను గోడకేసి గురిపెట్టి పక్కకు జరిపితే, సరిగ్గా కేబుల్ ఎదుట కూత చటుక్కున తెగి, అవతల మళ్లీ అందుకుంటుంది. ఆ తెగిన చోట్లను పెన్సిలుతో గుర్తుపెడుతూ పోతే దారి గోడ మీద గీసినట్టే కనిపిస్తుంది. అవతలి చివర విడిగా ఉన్నప్పుడు విద్యుత్తు కెపాసిటెన్స్ (తీగకూ చుట్టుపక్కలకూ మధ్య విద్యుదావేశం నిలిచే గుణం) ద్వారానే పారుతుంది కాబట్టి, చివరికి చేరేకొద్దీ కూత సన్నగిల్లుతుంది.

ఎంత దూరం వెతకాలన్నది మల్టీమీటరు చెబుతుంది. ఇలాంటి జతకు ప్రతి మీటరు పొడవుకూ సుమారు 50 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది, నాకు 1.5 నానోఫారడ్ చూపింది, అంటే 30 మీటర్లు. గుర్తులు వెళ్లి ఆగిన పెట్టెలో ఒకే రకం కేబుళ్లు కట్టగా ఉన్నాయి, పక్కవాటిలోకీ సంకేతం పాకడంతో అన్నీ కూస్తున్నాయి. అనుమానమున్న కేబుల్‌లో అదే రంగు జతను కలిపి మెలేసి, కిందికి వచ్చి నిరోధం కొలిచాను: 5 ఓములకు కాస్త అటూ ఇటూ, రానూపోనూ కలిపి 60 మీటర్ల సన్నని రాగి తీగకు రావలసినంతే.