ఎంగిలి కాదనుకున్నాను

మా కర్రీ పాయింట్‌కి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నిన్న వచ్చింది. 14 అంకెల నంబరు ప్రింటు తీయించి గోడకి అంటించాను. ఫొటో, ఆధార్, ఆన్‌లైన్ ఫారం అరగంట పని. ఏడాదికి 100 రూపాయల ఫీజున్న దానికి నెట్ సెంటర్ అబ్బాయి నా దగ్గర 900 తీసుకున్నాడు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే వాళ్ళతోనే నింపించుకోండి.

అసలు కష్టం తనిఖీ రోజున. ఆఫీసరు గారు పదకొండింటికి వచ్చారు. నీళ్ళ డ్రమ్ము మూత, చెత్తబుట్ట, ఫ్రిజ్ చూసి బాగుందన్నారు. పొయ్యి మీద సాంబారు తెర్లుతోంది. గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని నాకాను. ఉప్పు చాల్లేదు. డబ్బాలో చెయ్యి పెట్టి రాళ్ళుప్పు తీసి వేశాను. మా అమ్మా అంతే, అత్తగారూ అంతే.

"అమ్మా, ఎంగిలి చెయ్యి ఉప్పు డబ్బాలో పెట్టారు కదా" అన్నారాయన. ఇద్దరు పనివాళ్ళు, క్యారేజీ పట్టుకుని నిలబడ్డ మాస్టారు, అందరి ముందూ!

ఎంగిలి! నైవేద్యం వండితే వాసన కూడా చూడని ఇంట్లో పెరిగినదాన్ని. గరిటె నోటికి తగల్లేదు, ఎంగిలి ఎలా అవుతుందని గట్టిగానే అడిగాను. "గరిటె కాదమ్మా, చెయ్యి." నోట మాట రాలేదు. చివరికి, "ఎలాగూ మరుగుతుంది కదండీ" అన్నాను.

అప్పుడాయన చెప్పింది తలుచుకుంటే ఇప్పటికీ భయమే. మన ముక్కులో, గొంతులో, చేతుల మీద ఉండే స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి మరిగిస్తే చస్తుంది. కానీ దించిన కూర గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే, అందులో పడినది పెరిగి విషం వదులుతుంది. ఆ విషం మళ్ళీ మరిగించినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు. మా పప్పు పదకొండుకి దించితే రెండింటి దాకా కౌంటర్ మీదే ఉంటుంది. దించాక కూడా అలాగే రుచి చూసేదాన్ని. రోజూ కూర తీసుకెళ్ళే వాళ్ళలో ఒకమ్మాయికి నెలలు నిండాయి. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

మర్నాడే 20 చెంచాలు కొన్నాను. గరిటెతో చిన్న గిన్నెలోకి పైనుంచి వంపుకోవాలి, చెంచాతో రుచి చూడాలి, రెండూ గిన్నెలు కడిగే తొట్టిలో పడేయాలి. ఉప్పు డబ్బాలో దాని చెంచా దానికే. చేతులు సబ్బుతో కడగాలి, కొంగుకి తుడుచుకోవడం కడగడం కాదు. పెళ్ళి వంటలు చేసే మా బంధువులు ఇదంతా చాదస్తం అంటున్నారు. అననివ్వండి. డబ్బు తీసుకుని అన్నం పెట్టేటప్పుడు ఆ మాత్రం చెయ్యాలి. అయినా రుచి చూడకుండా దేవుడికి పులిహోర కలిపితే నా చేతి ఉప్పు ఏనాడూ తప్పలేదు. ఇప్పుడు కూరలకీ తూకం రాసుకున్నాను, రుచి ఒక్కసారి చూస్తే చాలు.

మాస్టారు రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, చెంచాల గ్లాసు వైపు కాసేపు చూసి, క్యారేజీ మూత తీసి ముందుకు జరిపారు.