ఆఫీసు డ్రెస్ కోడ్, నా చామనఛాయ, చీర ఫాల్స్: నా అనుభవం

నిన్న సాయంత్రం టైలర్ దగ్గర్నుంచి చివరి కుర్తీ కూడా వచ్చేసింది. కాఫీ కలర్, గంధం రంగు, హాఫ్ వైట్, నేవీ బ్లూ, మెహందీ గ్రీన్, కాస్త గోధుమ రంగు కలిసిన యాష్. ఆఫీసు బట్టలు ఇక ఇవే. ఈ ఆరు రంగులు తేల్చుకోవడానికి పడిన తిప్పలు, ముఖ్యంగా ఒకచోట పడిన మాటలు, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మా ఆఫీసుకి కొత్తగా వచ్చిన మేనేజర్ గారు, ఫ్రంట్ ఆఫీసులో కూర్చునేవాళ్ళంతా న్యూట్రల్ కలర్స్ మాత్రమే వేసుకోవాలని మెయిల్ పెట్టారు. నలుపు, తెలుపు, యాష్, నేవీ బ్లూ, బీజ్, బ్రౌన్, 'అలాంటివి' అని. నా బీరువా తెరిస్తే రాణీ కలర్, చిలకపచ్చ, వంగపండు రంగు, మిరపపండు ఎరుపు. గడువు అడిగితే దసరా దాకా ఇచ్చారు. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఆఫీసులో ఒకమ్మాయి సలహా ఇచ్చింది. "మేడం, ఊరికే కొనేయకండి, కలర్ అనాలిసిస్ చేయించుకోండి, మీకు ఏ షేడ్స్ నప్పుతాయో వాళ్ళే చెప్తారు" అని. ఊళ్ళోనే ఒక స్టూడియో. ఫీజు ఎంతో ఇక్కడ రాయను, మా ఆయన చదువుతారు.

వెళ్ళగానే ముఖం తుడిపించారు. కాటుక, పౌడర్ అన్నీ తీసేయమన్నారు. అది సబబే, చర్మం అసలు రంగు కనబడాలి కదా. తలకి తెల్ల గుడ్డ చుట్టారు. ఎదురుగా గుండ్రటి లైటు, కళ్ళు జిగేల్‌మనేంత. పక్క సోఫాలో ఒక పెళ్ళికూతురు, వాళ్ళమ్మ తమ వంతు కోసం కూర్చున్నారు. తెర లేదు, తలుపు లేదు. నా ముఖం, నా కళ్ళ కింద నలుపు, నా గడ్డం మీది మచ్చలు, అన్నీ వాళ్ళకి కాలక్షేపం.

ఆ మేడం ముందు నా మణికట్టు పట్టుకుని చూసింది. నరాలు నీలంగా కనిపిస్తే కూల్, అంటే గులాబీ తిరిగిన ఛాయ; ఆకుపచ్చగా కనిపిస్తే వార్మ్, అంటే పసుపు తిరిగిన ఛాయ అట. చామనఛాయ చేతి మీద, అందులోనూ తెల్లటి లైటు కింద, నరం కనబడటమే కష్టం. ఆవిడ మాత్రం "బ్లూ" అని రాసేసుకుంది. ఇంటికొచ్చి కిటికీ దగ్గర చూసుకుంటే అవే నరాలు ఆకుపచ్చగా ఉన్నాయి. తర్వాత మెడ దగ్గర బంగారు రంగు గుడ్డ, వెండి రంగు గుడ్డ మార్చి మార్చి పెట్టి "సిల్వర్ బెటర్" అంది. నాకైతే తేడా తెలియలేదు. ఆ గుడ్డలన్నీ మెరిసే పాలియెస్టర్. ఆ లైటుకి అవి తళతళలాడుతుంటే ముఖం ఎక్కడ కనబడుతుంది?

ఇక గోడ మీద చార్టు. నాలుగు ఋతువులు, నాలుగు రకాల మనుషులు: ఒంటి ఛాయ, జుట్టు, కళ్ళ రంగు చూసి ఒక్కొక్కరినీ ఒక ఋతువులో వేసి, ఆ ఋతువు రంగులే వేసుకోమంటారు. అందులో ఉన్న ఫొటోలన్నీ తెల్లదొరసానులవే. నల్లజుట్టు, నల్లకళ్ళు ఉన్నవాళ్ళందరినీ ఆవిడ శీతాకాలంలో వేసేస్తుందని నాకు అర్థమైంది, ఎందుకంటే నా ముందు వెళ్ళినావిడ కూడా వింటరే, నా తర్వాత పెళ్ళికూతురు కూడా వింటరే. విశాఖపట్నంలో వింటర్ ఎక్కడిదమ్మా, అరకు వెళ్తే తప్ప మాకు స్వెట్టర్ బయటికి రాదు. సరే, వింటర్ అంటే కటిక నలుపు, మల్లెపువ్వులాంటి తెలుపు, నీలం తిరిగిన యాష్. ఆ యాష్ గుడ్డ నా మెడ కింద పెట్టగానే అద్దంలో నా పెదాల చుట్టూ నలుపు తేలింది. నాకే కనిపిస్తోంది. "ఇది డల్‌గా లేదా అండీ?" అని అడిగాను.

ఆవిడ జవాబు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "గుడ్డ డల్ కాదు మేడం, స్కిన్ డల్. మీది టైప్ ఫైవ్. ముందు మా బ్రైటెనింగ్ ప్యాకేజీ తీసుకోండి, ఒక రెండు షేడ్స్ వచ్చాక అన్ని కలర్సూ సెట్ అవుతాయి."

పక్క సోఫాలోంచి పెళ్ళికూతురి తల్లి వాళ్ళమ్మాయితో అంది, గొంతు తగ్గించకుండానే: "చూశావా, అందుకే నిన్ను ఎండలో తిరగొద్దనేది."

నలభై ఏళ్ళు దాటిన మనిషిని నేను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఆఫీసులో నా కింద పదిమంది. తలకి గుడ్డ చుట్టుకుని, మెడ కింద యాష్ గుడ్డతో ఆ కుర్చీలో కూర్చుని, ఒక్క క్షణం నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది లెండి. "నేను రంగులు తెలుసుకోవడానికి డబ్బు కట్టాను, రంగు మార్చుకోవడానికి కాదు" అన్నాను. ఆ తల్లి వైపు తిరిగి "మీ అమ్మాయి బంగారంలా ఉంది, ఎండలో హాయిగా తిరగనివ్వండి" అని కూడా అన్నాను. ఆ పిల్ల నవ్వింది. రసీదు అడిగితే ఇవ్వలేదు, కార్డు చేతిలో పెట్టారు. 'డీప్ వింటర్' అని అందమైన అక్షరాల్లో.

ఆ టైప్ ఫైవ్ సంగతేమిటో తర్వాత చదివాను. 1975లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ చర్మవైద్యుడు తయారుచేసిన లెక్క అది. ఎండ తగిలితే ఎవరి చర్మం కందుతుంది, ఎవరిది నల్లబడుతుంది అని చూసి, లైటు పెట్టి చేసే చికిత్సలో ఎంత మోతాదు ఇవ్వాలో తేల్చడానికి. మొదట తెల్లవాళ్ళకే చేశారు, మనలాంటి చర్మాల కోసం 5, 6 తర్వాత కలిపారు. అందులో డల్ అనే మాటా లేదు, ఏ చొక్కా నప్పుతుందనే మాటా లేదు. ఋతువుల సంగతీ అంతే. జొహానెస్ ఇట్టెన్ అనే స్విస్ చిత్రకారుడు 1919 నుంచి 1923 వరకు జర్మనీలో బౌహౌస్ అనే కళల బడిలో పాఠాలు చెప్పాడు. తన విద్యార్థులు ఇష్టపడి వాడే రంగులు వాళ్ళ ఒంటి ఛాయకి, జుట్టుకి దగ్గరగా ఉంటున్నాయని గమనించాడట. అలాంటి ఆలోచనల్లోంచే పుట్టి, 1980ల్లో అమెరికాలో ఇదో పెద్ద వ్యాపారమైంది. ఆలోచన చెడ్డది కాదు, చేసేవాళ్ళకి కళ్ళుండాలి. ఫెయిర్‌నెస్ క్రీము అమ్మేవాళ్ళ చేతిలో పడితే ఏ శాస్త్రమైనా ఇంతే.

నాకు అర్థమైనంత వరకు చెప్తాను. మనిషి ఎంత తెలుపు, ఎంత నలుపు అన్నది ఒక సంగతి. ఆ రంగు లోపల పసుపు తిరిగి ఉందా, గులాబీ తిరిగి ఉందా, రెండూ కలిసి ఉన్నాయా అన్నది వేరే సంగతి. దాన్నే అండర్‌టోన్ అంటారు. ఎండకి పైరంగు ముదురుతుంది, లోపలి ఛాయ పెద్దగా మారదు. మా వదినా నేనూ ఇద్దరం చామనఛాయే. ఆవిడకి నలుపు అద్భుతంగా ఉంటుంది, నాకు పీక్కుపోయినట్టుంటుంది. ఆవిడ జుట్టు కాటుక నలుపు, ముఖంలో గులాబీ ఛాయ. నాకు పసుపు ఛాయ, జుట్టుకి గోరింటాకు పెట్టీ పెట్టీ ఎర్రబడింది. జుట్టుకీ ముఖానికీ తేడా బాగా ఉన్నవాళ్ళు కటిక నలుపు, కటిక తెలుపు మోయగలరు. తేడా తక్కువైతే కాఫీ కలర్, హాఫ్ వైట్ లాంటివి హాయి.

సరే, స్టూడియో తర్వాత షోరూమ్‌కి వెళ్ళాను, జగదాంబ దగ్గర. అక్కడ లైట్లన్నీ పసుపు, ఏ గుడ్డ చూసినా బాగానే ఉంది. ఒక కుర్తీ బిస్కెట్ కలర్ అనుకుని తీసుకుని మెట్లు దిగి రోడ్డు మీదికి వస్తే అది గులాబీ రంగు. వెనక్కి వెళ్ళి ఇచ్చేశాను, గొణుక్కుంటూ తీసుకున్నారు. ఆ రోజే తేల్చుకున్నాను, పగటి వెలుతురులో చూడకుండా ఏదీ కొనకూడదని.

ఇక్కడ నా సొంత తెలివి ఒకటి చెప్పుకోవాలి. పూర్ణా మార్కెట్ వైపు మ్యాచింగ్ సెంటర్‌కి జాకెట్టు గుడ్డ కోసం వెళ్ళినప్పుడు ఆ పెద్దాయన అలవాటుగా థాను పట్టుకుని గుమ్మం బయటికి నడిచాడు. "లైట్ల కింద చూడకమ్మా, ఎండపొడలో చూడు" అన్నాడు. ఆయన ఏ స్టూడియోలోనూ కోర్సు చేయలేదు. ఒక్క యాష్‌లోనే బోలెడు రకాలు తీశాడు. నీలం తిరిగినది, ఆకుపచ్చ తిరిగినది, గోధుమ తిరిగినది. మీటరు చొప్పున అన్నీ కొంటే బిల్లు వాచిపోతుంది, పావు మీటరు కోయనంటాడు. అప్పుడు కళ్ళు చీర ఫాల్స్ కట్టల మీద పడ్డాయి. ప్రతి రంగులోనూ ఉంటాయి, మెరుపుండదు, ధర కూరగాయల ఖర్చులో కలిసిపోతుంది. నలుపు, కాఫీ, తెలుపు, హాఫ్ వైట్, రెండు రకాల యాష్, గంధం, బిస్కెట్, నేవీ, మెహందీ గ్రీన్, అన్నీ పట్టించుకొచ్చాను. ఆ స్టూడియో వాళ్ళ పాలియెస్టర్ గుడ్డల కన్నా వెయ్యి రెట్లు నయం.

మర్నాడు పొద్దున్న మా ఎం.వి.పి. కాలనీ ఫ్లాట్ బాల్కనీలో వదిన్ని కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. నేరుగా ఎండ పడకూడదు, నీడలో వెలుతురు ఉండాలి. ఎదురు బిల్డింగ్‌కి ఈమధ్యే నారింజ రంగు వేయించారు, దాని ఛాయ నా ముఖం మీద పడుతోందని వదినే కనిపెట్టింది. పెరటి వైపు బాల్కనీకి మారాం. మెడలో గొలుసు తీసేశాను, ముఖానికి ఏమీ రాయలేదు. రెండేసి ఫాల్స్ పక్కపక్కన పెట్టి చూడాలి, ఒక్కొక్కటీ చూస్తే ఏమీ తెలియదు. నలుపు తర్వాత కాఫీ, తెలుపు తర్వాత హాఫ్ వైట్, అలా. గుడ్డ వైపు కాదు, కళ్ళ కింద, పెదాల చుట్టూ, గడ్డం కింద చూడాలి. లేతరంగు గుడ్డ వెలుతురుని కింద నుంచి ముఖం మీదికి తిప్పి కొడుతుంది, దానితోపాటు తన ఛాయనీ తీసుకొస్తుంది. అందుకే మెడ దగ్గరుండే గుడ్డ ముఖ్యం. ప్యాంటు, లెగ్గింగు ఏ రంగైనా ఫరవాలేదు. నలుపు అంతా నేను అక్కడికి దింపేశాను.

వదినది అనకాపల్లి, మొహమాటం లేదు. నీలం తిరిగిన యాష్ పెట్టగానే "ఏటిది, జొరం వచ్చి లేచినట్టున్నావు, తియ్యి తియ్యి" అంది. గోధుమ కలిసిన యాష్ పెడితే మాట్లాడలేదు, టీ తాగుతూ తల ఊపింది. మెహందీ గ్రీన్‌కి "ఇది కుట్టించుకో" అంది. బిస్కెట్ కలర్ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఛాయ కుదిరింది గానీ నా ఒంటి రంగుకి మరీ దగ్గరైపోయి, మెడ ఎక్కడ ఆగిందో గుడ్డ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. దానికన్నా బాగా లేతదైన గంధం రంగు పెడితే ముఖం విప్పారింది. ఒంటి రంగుకన్నా రెండు మూడు మెట్లు లేతగానో ముదురుగానో ఉండాలి, సరిగ్గా అదే రంగు వద్దు. ఫోన్‌లో ఫొటోలు తీసి చూద్దామనుకుంటే బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. ఫోన్ తన ఇష్టం వచ్చినట్టు రంగులు సర్దేస్తుంది, అందుకని పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకుని తీయండి. కాగితం నీలంగా కనిపిస్తే ఆ ఫొటోని నమ్మొద్దు.

కుట్టుడు సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. టైలర్ ఎప్పట్లాగే ఆలస్యం చేశాడు.

గుడ్డ విషయంలో మాత్రం మన ఊరి వాళ్ళకి రెండు మాటలు. ఈ ఉక్కపోతలో ప్లెయిన్ యాష్ కాటన్ వేసుకుంటే చంకల దగ్గర చెమట ఊరంతా కనిపిస్తుంది. నా యాష్ రెండు రంగుల దారాలతో నేసినది, మచ్చ తేలదు. నేవీ, హాఫ్ వైట్‌కి ఆ బెడద లేదు. హాఫ్ వైట్‌కి పొందూరు ఖద్దరు తీసుకున్నాను. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికిన నూలు అది. రంగు వేయని, బ్లీచింగ్ చేయని పత్తి రంగే నాకు కావలసిన రంగు. మామూలు తెల్ల గుడ్డకి, చాలా డిటర్జెంట్ పౌడర్లకి మెరుపు కోసం ఒక మందు కలుపుతారు, దానివల్ల నీలపు జిలుగు వస్తుంది. అలాంటి పౌడరుతో ఉతికి, పైగా నీలిమందు పెడితే ఖరీదైన హాఫ్ వైట్ కాస్తా ఆ స్టూడియో ఆవిడ తెలుపైపోతుంది. మా పనమ్మాయికి చెప్పి ఆ నీలం సీసాని అటక మీద పెట్టించాను.

ఆ స్టూడియో నుంచి ఇప్పటికీ వాట్సాప్‌లో పండగ ఆఫర్లు వస్తున్నాయి, బ్రైటెనింగ్ మీద డిస్కౌంట్ అట. బ్లాక్ చేస్తే ఇంకో నంబర్ నుంచి పంపుతున్నారు. ఇక మెహందీ గ్రీన్ న్యూట్రల్ కలర్ అవుతుందా అని మా మేనేజర్ గారికి అనుమానం. మెయిల్‌లో 'అలాంటివి' అని రాసింది ఆయనే, ఇది ఆలివ్ గ్రీన్ లాంటిదే, దాన్ని న్యూట్రల్స్‌లోనే లెక్కేస్తారని చెప్పాను, ఆలోచిస్తానన్నారు. సోమవారం అదే వేసుకుని వెళ్తున్నాను.